కాలవ కట్టేశాక చదివే కాగితం

పోయిన నెలలో ఒకరోజు గుడివాడ నుంచి వచ్చి, పామర్రులో అవనిగడ్డ బస్సు ఎక్కి కూర్చున్నాను. ముందు సీట్లో ఇద్దరు రైతులు మాట్లాడుకుంటున్నారు.

"కాలవలు కట్టేశారంట గదా?" అన్నాడు ఒకాయన.

"నిన్నటి నించి నీళ్ళు దిగిపోతన్నాయి. ఎల్లుండికి అడుగు కనపడిద్ది" అన్నాడు రెండో ఆయన.

అంతే. తర్వాత వాళ్ళు మినుముల సంగతిలోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయాను.

మా మేనమామ పోయి అప్పటికి ఆరు నెలలు. నేను ఆ బస్సెక్కింది ఆయన ఇంటికి వెళ్ళడానికే. దివిసీమలో, అవనిగడ్డ దాటాక ఉన్న ఆ చిన్న డాబా ఇల్లు కాగితాల ప్రకారం ఇప్పుడు నాది. రొయ్యల మేత అమ్మే వ్యాపారి ఒకాయన గోడౌనుకి ఆ స్థలం కావాలని అడుగుతున్నాడు. ఇంటి వెనక గదిలో పదకొండేళ్ళుగా ఉంటున్న మనిషికి ఖాళీ చెయ్యమని చెప్పడానికి బయలుదేరాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది. అయినా ఇక్కడ మొదలుపెట్టకపోతే మావయ్య గురించి నేను రాసేదంతా అబద్ధమవుతుంది.

మావయ్య నీటిపారుదల శాఖలో, కాలవ లాకుల దగ్గర పనిచేశారు. పెద్ద ఉద్యోగం కాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కాలవలో గేజి రాయి చూసి నీళ్ళు ఎన్ని అడుగులు ఎన్ని అంగుళాలు ఉన్నాయో పుస్తకంలో రాయాలి. పైవాళ్ళకి ఫోనులో చెప్పాలి. ఎత్తమన్నప్పుడు తలుపులు ఎత్తాలి, దించమన్నప్పుడు దించాలి. ముప్పై ఏళ్ళకు పైగా అదే పని. రిటైరయ్యాక కూడా ఆ చూపు పోలేదు. మజ్జిగ గ్లాసు చేతికిస్తే తాగేముందు కళ్ళ ఎత్తుకి పట్టుకుని ఎంతవరకు ఉందో చూసేవారు. ఒంట్లో ఎలా ఉందని అడిగితే "ఇవాళ నాలుగడుగులుంది అల్లుడూ. నిన్నటి మీద అరడుగు తగ్గింది" అనేవారు. నవ్వేసి ఊరుకునేవాణ్ణి. నిండుగా ఉంటే ఎన్ని అడుగులో ఎప్పుడూ అడగలేదు.

ఇంకో అలవాటు మడమతో నేల తట్టడం. కాలవ గట్టు ఎక్కడ గుల్లబారిందో అలా తట్టి చూసేవారట. గుడివాడలో నేను ఇల్లు కట్టుకున్నప్పుడు గృహప్రవేశానికి వచ్చి, బంధువులందరూ చూస్తుండగా గదులన్నీ మడమతో తట్టుకుంటూ తిరిగారు. వంటింటి మూల ఆగి, "ఇక్కడ కింద మట్టి సరిగ్గా కూరలేదు" అన్నారు. శుభమా అని గృహప్రవేశం చేసుకుంటుంటే ఇదేం మాటని నా భార్య నొచ్చుకుంది. మరుసటి ఏడాదే అక్కడ పలకలు కుంగాయి. ఆ సంగతి నేను ఆయనకి చెప్పలేదు. ఆయన మళ్ళీ వచ్చినప్పుడు అక్కడ బియ్యం డబ్బా పెట్టించాను.

వేసవిలో మా వైపు కాలవలు కట్టేస్తారు. మళ్ళీ సార్వా పంటకి నీళ్ళు వదిలేదాకా అవి ఎండి ఉంటాయి. పూడిక తియ్యడం, గట్లు కట్టడం, తలుపులు బాగుచెయ్యడం అన్నీ ఆ రోజుల్లోనే. మావయ్య తన వీలునామా బయటికి తీసేదీ ఆ రోజుల్లోనే.

"నీళ్ళున్నప్పుడు గట్లన్నీ బాగున్నట్టే కనపడతాయి. నీళ్ళు దిగాకే గదా ఎక్కడ కోసుకుపోయిందో తెలిసేది. ఈ కాగితవూ అంతే" అనేవారు.

నాకు ఫోను వచ్చేది. "అల్లుడూ, కాలవ కట్టేశారు." అంతే మాట. రమ్మని అనేవారు కాదు. నేను వెళ్ళాలి. పిల్లలు లేరు వాళ్ళకి. చెల్లెలి కొడుకుని నేనొక్కణ్ణే దగ్గర్లో ఉన్నది, పైగా చదువుకున్నవాణ్ణి, స్కూల్లో పాఠాలు చెప్పినవాణ్ణి.

వసారాలో బల్ల మీద రేకు పెట్టె పెట్టి, దారం కట్టిన కళ్ళజోడు తగిలించుకుని, మొదటి అక్షరం నుంచి పైకి చదివేవారు. మనసులో చదువుకోవడం ఉండదు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ వినాలి. అత్తయ్య ఉన్నన్నాళ్ళు గుమ్మంలో కూర్చుని తలాడిస్తూ వినేది. ఆవిడ పోయాక, ఆవిడ మంచాన పడ్డప్పుడు చూసుకోవడానికి వచ్చి వెనక గదిలోనే ఉండిపోయిన మనిషి తలుపు వెనక నిలబడి వినేది. భర్త పోయిన మనిషి, పిల్లలు లేరు. ఆదివారం చర్చికి వెళ్ళి రావడం తప్ప ఆ ఇల్లే ఆమె లోకం. మావయ్య ఆమెని "అమ్మాయ్" అని పిలిచేవారు. ఆమెకి అప్పటికే యాభై దాటాయి.

చదువుతూ "నేను సంపూర్ణ ఆరోగ్యముతోను, స్థిరచిత్తముతోను వ్రాయించిన" అన్నచోటికి వచ్చేసరికి ఏటా ఆగి నా వంక చూసేవారు. మొదటిసారి రాయించినప్పుడు దస్తావేజులు రాసే ఆయనతో అక్కడే గొడవపడ్డారు మరి.

"మోకాలు నొప్పి చంపుతుంటే సంపూర్ణం అని ఎట్టా రాస్తావయ్యా?"

"మోకాలు సంగతి రాస్తే రేపు కోర్టులో మీ మోకాలు మీదే వాదిస్తారండీ బాబూ."

"వాదించనీ. నొప్పి ఉన్న మాట నిజవే గదా!"

పావుగంట నడిచింది ఆ వాదన. చివరికి "సరే, స్థిరచిత్తం వరకు నాకు నమ్మకం ఉంది. ఆరోగ్యం మటుకు నీ పూచీ" అని సంతకం పెట్టారు.

తర్వాత హద్దులు. అసలు కచేరీ అక్కడ ఉండేది. ఎకరం ముప్పై సెంట్ల పొలానికి నాలుగు దిక్కులా ఎవరెవరున్నారో చదివి, ఒక్కో పేరు దగ్గర ఆగి, ఆ మనిషి ఉన్నాడా పోయాడా చెప్పేవారు.

"దక్షిణం హద్దు పోయాడు అల్లుడూ. మొన్న ఏకాదశినాడు."

"మనిషి పోతే హద్దు ఎక్కడికి పోద్ది మావయ్యా?"

"ఎందుకు పోదు? కొడుకులు ముగ్గురు గదా. ఇప్పుడు దక్షిణాన ముగ్గురున్నారు. ఒకళ్ళకొకళ్ళకి మాటల్లేవు."

ఒక ఏడాది ఉత్తరం హద్దు దగ్గర గట్టిగా పట్టుబట్టారు. "ఉత్తరాన చేను అని ఉందిక్కడ. చేనెక్కడిది? రొయ్యల చెరువు తవ్వారు. నేను పోయాక ఎవడన్నా వచ్చి ఈ కాగితం పట్టుకుని చూస్తే ముసలోడు అబద్ధాలు రాశాడంటాడు" అన్నారు. ఆ చెరువు కోసం మళ్ళీ అవనిగడ్డ వెళ్ళి కొత్తది రిజిస్టరు చేయించాం. మొత్తం మూడుసార్లు వెళ్ళాం. మొదటిది అత్తయ్య పేరు మీద. రెండోది అత్తయ్య పోయాక అంతా నా పేరు మీద. మూడోది చెరువు కోసం. మార్పు లేని ఏళ్ళలో నకలు వెనక తేదీ వేసి "చదివితిని. మార్పు లేదు" అని రాసి సంతకం పెట్టేవారు. ఆ వెనక పేజీ నిండిపోయింది.

నాకు విసుగ్గా ఉండేది. దాచడం ఎందుకు? ఎండలో రెండు బస్సులు మారి వెళ్ళి, ఉన్న ఒక్క ఇంటికీ ముక్క పొలానికీ ఏటా ఈ పారాయణం వినడం. ఒకసారి పైకే అన్నాను. "దీనికి ఇంత కాపలా కావాలా మావయ్యా?"

"నీళ్ళు తక్కువున్న కాలవకే అల్లుడూ కాపలా కావాల్సింది. పైనోడు తూము కొంచెం పెద్దది చేశాడంటే కిందోడికి తడి కూడా రాదు" అన్నారు. ఆ కిందోడు ఎవరో నేను ఆలోచించలేదు. నేనే అనుకున్నాను.

పోయిన ఏడాది వేసవిలో పెట్టెలోంచి పాత కాగితంతో పాటు ఒక తెల్లకాగితం కూడా తీశారు. చేత్తో రాసుకున్నారు. అక్షరాలు గేజి పుస్తకంలో అంకెల్లాగా విడివిడిగా, నిటారుగా ఉన్నాయి. పైకి చదివారు. పొలం నాకు. ఇల్లు, ఇంటి స్థలం, "నన్నును నా భార్యను కన్నబిడ్డవలె చూచిన" అంటూ ఆమె పేరు. లోపల కూర తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది.

కింద తన సంతకం కోసం చోటు, దాని కింద సాక్షుల కోసం ఒకటి, రెండు అని అంకెలు వేసి ఉంచారు.

"తెల్లకాగితం చాలంట గదా అల్లుడూ? ఇద్దరు చూసి సంతకం పెడితే చెల్లిద్దంట. టీకొట్టాయన్ని కేకేస్తాను. నువ్వొకడివి."

"ఎవరు చెప్పారు మీకు? స్టాంపు కాగితం లేకుండా, రిజిస్ట్రారు ముద్ర లేకుండా ఏదీ చెల్లదు."

"నిజవేనా?"

"నిజమే మావయ్యా. దీని మీద సంతకం పెట్టడం దండగ."

"మాస్టారివి. నీకు తెలిసిద్ది గదా" అని ఆ కాగితం మడిచేశారు. "అయితే కాలవ వదిలేలోగా రా. ఆఫీసుకి వెళ్దాం."

ఇంతవరకు నా అజ్ఞానమే. మా వైపు చాలామంది నమ్మే మాటే నేనూ చెప్పాను. స్టాంపు కాగితం మీద లేనిది మాకు కాగితమే కాదు. కానీ ఆ తెల్లకాగితం మీద ఇల్లు నా పేరు మీద రాసి ఉంటే, అది చెల్లుతుందో లేదో పదిమందిని అడిగి ఉండేవాణ్ణి. ఇల్లు ఇంకొకరికి రాశారు కాబట్టి ఎవరినీ అడగలేదు. ఆ ఇంకొకరు దళితుల పేట నుంచి వచ్చిన మనిషి కావడం, మావాళ్ళ వీధిలో ఇల్లు ఆమె పేరున ఉండబోవడం కూడా లోపలెక్కడో నన్ను గుచ్చింది. ముప్పై ఏళ్ళు పిల్లలకి అందరూ సమానమని పాఠం చెప్పినవాణ్ణి.

మావయ్య రెండుసార్లు ఫోను చేశారు.

"అల్లుడూ, ఇంకా కట్టేసే ఉంది."

"వస్తాను మావయ్యా. ఈ ఎండలు కాస్త తగ్గనీండి."

రెండోసారి, "పైన తలుపులు ఎత్తారంట. రెండు రోజుల్లో మనకి దిగిద్ది" అన్నారు. ఆ గొంతులో తొందర నాకు వినపడింది. పెదపారుపూడిలో పెళ్ళి ఉందని చెప్పాను. పెళ్ళి ఉన్నమాట నిజమే. అది సాయంత్రానికి. పొద్దున్నే వెళ్ళి రావచ్చు.

నీళ్ళు వచ్చేశాయి. నీళ్ళొచ్చాక ఆయన ఆ పెట్టె తెరవరు. పారే కాలవలో మరమ్మతు చెయ్యకూడదని ఆయన పట్టు. ఆ పట్టు సంగతి నాకు బాగా తెలుసు. కాలవ వదిలారని తెలిసిన రోజున నేను హమ్మయ్య అనుకున్నాను. ఎండలో తిరిగే పని తప్పినందుకే అని నాకు నేను చెప్పుకున్నాను.

కార్తీకమాసంలో ఆయన్ని బందరు ఆసుపత్రిలో చేర్చారు. నేను వెళ్ళేసరికి ఆమె మంచం పక్కన కూర్చుని చెంచాతో జావ పోస్తోంది. ఒక్కో చెంచా ముందు ఆయన కళ్ళ ఎదుట పెట్టి, ఆయన చూశాక నోట్లో పోస్తోంది. ఆయన గ్లాసు ఎత్తి చూసుకునే అలవాటు ఆమెకి అంతగా ఒంటబట్టింది.

"ఎంత ఉంది మావయ్యా?" అన్నాను.

రెండు వేళ్ళు చూపించారు. "అడుగులా?" అని అడిగాను.

తల అడ్డంగా ఊపారు. అంగుళాలు.

కాసేపయ్యాక "ఈసారి కట్టేసినప్పుడు తప్పకుండా రా" అన్నారు. వస్తానన్నాను. మూడో రోజు పోయారు.

సంక్రాంతి వెళ్ళాక ఇంటి పన్ను నా పేరుకి మార్పించుకోవడానికి అవనిగడ్డ వెళ్ళాను. దస్తావేజులు రాసే ఆయన పాతాయనే, మోకాలు మీద వాదించినాయనే. కాగితాల కట్ట విప్పి చూస్తుంటే మధ్యలో ఆ తెల్లకాగితం కనపడింది. కింద మావయ్య సంతకం ఉంది. నేను వెళ్ళిపోయాక ఎప్పుడో పెట్టుకున్నారు. ఒకటి, రెండు అంకెల పక్కన ఖాళీ.

"ఇదేంటండీ మాస్టారూ, సాక్షులు పెట్టలేదే?"

"స్టాంపు కాగితం కాదు గదండీ."

"వీలునామాకి స్టాంపెందుకండీ? తెల్లకాగితం చాలు. రిజిస్టరు కూడా మన ఇష్టం. ఆయన సంతకం పెట్టేప్పుడు ఇద్దరు చూసి, వాళ్ళూ పెట్టుంటే సరిపోయేది. తెలియలేదా పాపం ఆయనకి?"

"ఆయనకి తెలుసు. నాకే తెలియదు" అన్నాను.

ఆయన నా మొహం చూసి టీ తెప్పించాడు. టీ తాగి, తెల్లకాగితం మళ్ళీ కట్టలో పెట్టుకుని, పన్ను నా పేరుకి మార్పించుకునే వచ్చాను. తెలియక చెప్పినది ఒక తప్పు. తెలిశాక వేసవి దాకా నోరు మెదపకపోవడానికి ఏ పేరు పెట్టుకోవాలో నాకు తెలియదు. ఆ మధ్యలోనే గోడౌను ఆయన వచ్చాడు. మాటలు చాలా దూరం నడిచాయి.

ఇక ఆ బస్సు రోజు. నేను వెళ్ళేసరికి వసారాలో బల్ల మీద రేకు పెట్టె ఉంది. మూత తీసి ఎండ తగిలేట్టు పెట్టింది ఆమె. పాత కరెంటు బిల్లులూ అత్తయ్య ఫొటో తప్ప లోపల ఏమీ లేవు. కాగితాలు నేను పట్టుకుపోయానుగా.

"కాలవ కట్టేశారండీ. ఏటా ఈ రోజుల్లో తీసేవోరు గదా. చెద పట్టిద్దేమోనని ఎండకి పెట్టాను" అంది. నాకు మజ్జిగ తెచ్చి ఇచ్చి దూరంగా నిలబడింది.

ఖాళీ చెయ్యమని చెప్పాల్సినవాణ్ణి, ఆ మాట ఎత్తలేదు. దానికి బదులు అడిగాను. "పోయిన ఏడు ఆయన చదివిన కాగితం నువ్వు విన్నావు గదా?"

"విన్నానండీ."

"మరి ఆయన పోయాక ఒక్కసారి కూడా అడగలేదేం?"

"చెల్లదని మీరే చెప్పారు గదండీ."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది. నా మాట మావయ్య ఎలా నమ్మారో ఆమె కూడా అలాగే నమ్మింది. నేను మజ్జిగ అక్కడ పెట్టేసి, "వచ్చే బుధవారం ఆధార్ కార్డు తీసుకుని అవనిగడ్డ రా. ఇల్లు నీ పేరున రాసేస్తాను" అన్నాను. ఆమె "సరేనండీ" అంది కానీ నమ్మినట్టు కనపడలేదు. మా ఇంట్లో ఈ సంగతి విని ఏమన్నారో ఇక్కడ రాయను. అన్నవన్నీ ఒకప్పుడు నేను మనసులో అనుకున్నవే.

బుధవారం ఆమె నాకంటే ముందే వచ్చి, ఆఫీసు మెట్ల పక్కన నీడలో నిలబడి ఉంది. ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుంది. చర్చికి కట్టుకునేదేమో. దస్తావేజులు రాసే ఆయన దానపత్రం తయారుగా పెట్టాడు. పైకి చదవమని నేనే అడిగాను. ఆయన చదువుతున్నంతసేపూ ఆమె బెంచీ అంచు గట్టిగా పట్టుకుని కూర్చుంది. హద్దులు కూడా అయ్యాక ఊపిరి వదిలింది.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడాయన.

"కాదండీ. కాగితం చదువుతుంటే నాకు అట్టాగే ఉండిద్ది. బాబుగారు ఏటా ఆ పెట్టె తీసినప్పుడల్లా నాలుగు రోజులు అన్నం సయించేది కాదు."

"ఎందుకని?" అన్నాను నేను.

"ఏం మార్చారో ఏవోనని. ఇంక నువ్వు వెళ్ళిపో అని ఉండిద్దేమోనని. బాబుగారు మంచోరేనండీ. అట్టాంటి మాట అనేవోరు కాదు. కానీ మార్చే కాగితం గదండీ అది."

మావయ్య అన్ని గట్లూ తట్టి చూశారు. తలుపు వెనక నిలబడ్డ ఈ మనిషి భయం ఆయనకి వినపడలేదు. ఇల్లు నీకు రాస్తానని ఒక్క ఏడాది ముందు చెప్పి ఉంటే ఆమె ఆ నాలుగు రోజులూ అన్నం తినేది. ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఆయన ఆలస్యంగానైనా రాశారు. నేను ఆపాను.

ఆమె దస్తావేజులు రాసే ఆయన వైపు తిరిగింది. "మరి దీన్ని కూడా వచ్చే ఏడు తీసి చదవాలాండీ?"

"అక్కర్లేదమ్మా. ఇది వీలునామా కాదు, దానం. ఇవాళ రిజిస్టరు అయిపోతే ఇక మార్చడానికి లేదు."

"ఎవరికీనా?"

"ఎవరికీ. ఈ మాస్టారికి కూడా."

అప్పుడు ఆమె తలెత్తి నా మొహంలోకి చూసింది. పదకొండేళ్ళుగా నేను ఆ ఇంటికి వస్తూ పోతూ ఉన్నాను. ఆమె చేతి మజ్జిగ తాగాను. ఆమె నన్ను అలా తిన్నగా చూడటం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ ఆమె భయపడింది ఆ కాగితానికి మాత్రమే కాదని అప్పటికి తెలిసింది నాకు.

"సంతకం ఎక్కడ పెట్టాలండీ?" అని అడిగింది, ఆయన్ని కాదు, నన్ను.

వేలు పెట్టి చూపించాను.